ఖలాస్ తర్వాతి వచనం

ఆ శుక్రవారం నేను పొరపాటున చదవలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునేదాన్నే అయినా అందులో కూడా రాయలేదు. బెదిరిపోయి, ఎక్కడ ఆపాలో తెలియక చదువుకుంటూ పోయానని సంఘంలో అందరూ అనుకున్నారు. నలుగురిలో నోరు విప్పని పిల్ల గురించి అలా అనుకోవడం వాళ్ళకు సులువైంది.

దుబాయ్‌లో అప్పట్లో వారపు సెలవు శుక్రవారం, అందుకని మా ఆదివారపు ఆరాధన శుక్రవారం జరిగేది. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల పైన సంఘ పెద్దగారి ఫ్లాటు. సోఫాలు గోడకు జరిపి, తివాచీ మీద మగవాళ్ళు ఒక పక్క, ముసుగు వేసుకుని ఆడవాళ్ళం ఒక పక్క కూర్చునేవాళ్ళం. వెనక వీధి మసీదులో ప్రసంగం మొదలయ్యే వేళకు కిటికీలు మూసి, పాట గొంతు తగ్గించేవాళ్ళం. పెద్దగారు ఒక కట్టడాల కంపెనీలో మనుషుల్ని కుదిర్చే ఉద్యోగి. అక్కడ కూర్చున్న మేస్త్రీలకు, వడ్రంగులకు, మా బావకు వీసాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. నేను టైపు కొట్టే ఆఫీసులో నన్ను పెట్టించిందీ ఆయనే. వాక్యం చెప్పేదీ ఆయనే.

మా గుంటూరు వైపు ప్రసంగాల్లో ఒక పద్ధతి ఉంది. బోధకుడు అధ్యాయం, వచనం చెప్పి "చదవండి" అంటాడు. ఒకరు పైకి చదువుతారు. తనకు కావలసినంత అయ్యాక "చాలు" అని ఆపి, దాని మీద మాట్లాడతాడు. మా పెద్దగారు సైటు అలవాటు కొద్దీ "ఖలాస్" అనేవారు. ఆ చదివే పని నాది. వచ్చేవాళ్ళలో తడబడకుండా చదవగలిగినవాళ్ళు తక్కువ. స్త్రీ సంఘంలో మాట్లాడకూడదు కదా అని ఒకాయన సందేహం వెలిబుచ్చితే పెద్దగారు నవ్వారు.

"టేప్‌రికార్డరు మాట్లాడుతుందా బ్రదర్? వినిపిస్తుంది, అంతే."

అందరూ నవ్వారు. తల వంచుకుని నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఒళ్ళు మండింది.

ఆ రోజుల్లో నేనొక పుస్తకం చదువుతున్నాను. ఉద్యోగాలు ముగించుకుని వెళ్ళిపోయే ఇంగ్లీషువాళ్ళ సామాను అమ్మే దుకాణంలో దొరికింది. క్రైస్తవ సంఘ చరిత్ర, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం. ఆఫీసు మూసే మధ్యాహ్నపు గంటల్లో, ఫైళ్ళ గదిలో కూర్చుని చదివేదాన్ని. విశ్వాసం కోసం సింహాల నోట పడిన హతసాక్షుల కథలు మాకు సండే స్కూల్లోనే చెప్పారు. అధికారం చేతికి వచ్చాక మనవాళ్ళే కట్టెలు పేర్చారని ఎవరూ చెప్పలేదు. యెరూషలేము కోసం బయలుదేరిన కత్తులను దీవించారు. నమ్మకంలో తేడా వచ్చిందని సాటి క్రైస్తవులను కొయ్యకు కట్టి కాల్చారు. మంత్రగత్తెలని ఆడవాళ్ళను చంపారు. ప్రతి ఘోరం పక్కనా ఒక వచనం సిద్ధంగా ఉండేది. విందుకు జనాన్ని బలవంతం చేసైనా పిలుచుకు రమ్మని ఒక ఉపమానంలో యజమాని అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, దారికి రానివాళ్ళను శిక్షించడం న్యాయమే అన్నారట. భోజనానికి పిలవడం ఎక్కడ, చెరసాల ఎక్కడ!

అందులో ఒక బొమ్మ ఉంది. కట్టెల మంట పక్కన మతగురువొకడు గ్రంథం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నా చూపు మంట మీద కాక ఆ తెరిచిన పేజీ మీద ఆగేది. వీడు ఎక్కడిదాకా చదివి ఆపాడు? కింది వచనంలో ఏముంది?

నా కోపం చదివేవాళ్ళ మీదే గాని గ్రంథం మీద కాదని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అదీ పూర్తిగా నిజం కాదు. ఊరు ఊరంతటినీ, పసిపిల్లలతో సహా చంపమన్న మాటలు కూడా అందులో ఉన్నవే. వాటిని ఎవరూ బయటి నుంచి తెచ్చి కలపలేదు. శుక్రవారాల్లో వాటిని నా గొంతుతోనే చదివాను. అందరూ "స్తోత్రం" అన్నారు.

మా బావ అక్కను కొట్టేవాడు. నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని కాబట్టి గోడ అవతలి నుంచి అన్నీ వినపడేవి. ఆ ఎండాకాలం అక్క మణికట్టు విరిగింది. కట్టు కట్టింది మా సంఘంలోని నర్సమ్మే. అక్క ఇక అమ్మ దగ్గరికి వెళ్ళిపోతానంది. పాస్‌పోర్టు బావ పెట్టెలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. ఆయనకు చెప్పగలవాడు పెద్దగారు ఒక్కరే. నన్ను తోడు తీసుకుని అక్క ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నా పాస్‌పోర్టు ఇప్పించండి అయ్యగారూ. మీ కాళ్ళకు మొక్కుతాను."

"తొందరపడకమ్మా. శుక్రవారం వాక్యం ఏం చెబుతుందో విందాం. వాక్యం పొమ్మంటే నేను అడ్డుపడతానా?"

అక్క నమ్మింది. ఉపవాసం కూడా ఉంది. ఆయన ఏం చదివిస్తారో నాకు ముందే తెలుసు.

అదే చదివించారు. పౌలు సంఘానికి రాసిన పత్రికలో, భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న చోటు. చదివాను.

"ఖలాస్," అన్నారాయన.

అక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను తల ఎత్తలేదు. ఆగకుండా కిందిది చదివేశాను. భర్తలు భార్యలను ప్రేమించాలని, వాళ్ళతో కఠినంగా ఉండకూడదని. మాటలు స్పష్టంగానే వచ్చాయి.

"ఖలాస్ అన్నాను కదమ్మా!"

వెనక నుంచి నర్సమ్మ అందుకుంది. "అదేంటి అయ్యగారూ, పౌలుగారింకా చెబుతుంటే ఆయన్ని కూడా ఖలాస్ అంటే ఎట్లా? ఏదీ అమ్మాయ్, ఆ రెండోది మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"అది మా బైబిల్లో కూడా ఉందా అండీ?" అన్నాడో వడ్రంగి.

"అందరికీ ఒకటే రా. నువ్వు తెరిస్తే గదా!" అన్నాడు పక్కనున్నవాడు. మగవాళ్ళ వైపు నవ్వులు లేచాయి.

బావ నవ్వలేదు. "ఇది మా ఇంటి విషయం," అన్నాడు.

"ఇంటి విషయాన్ని సంఘంలోకి తెచ్చిందెవరు నాయనా?" అంది నర్సమ్మ. "ఆ చేతికి కట్టు కట్టింది నేను. మెట్ల మీద జారిపడిందని నాతో చెప్పావు. మీరుండేది కిందనే గదా, మీ ఇంట్లో మెట్లెక్కడివి?"

పెద్దగారు తేరుకున్నారు. ఆయన ఎప్పుడూ తొందరగానే తేరుకునేవారు.

"అమ్మాయి కంగారుపడి ముందే చదివేసింది. నేనూ అక్కడికే వస్తున్నాను. బ్రదర్, ఆమెను కొన్నాళ్ళు పుట్టింటికి పంపు. పాస్‌పోర్టు రేపు నా ఆఫీసులో ఇవ్వు. యల్లా, కానివ్వండి, ప్రార్థన చేద్దాం."

ఆమెన్ అన్నారు. అందులో అక్క గొంతే గట్టిగా వినపడింది.

ఆయన అక్కడికి రావడం లేదు. తర్వాత చదవవలసిన చోటు నాకు ముందే చెప్పి ఉంచారు. శారా తన భర్తను యజమానుడని పిలిచిందే, ఆ చోటు. అయినా ఆ రోజు నుంచి ఆడబిడ్డ కన్నీరు తుడిచినవాడని ఆయనకు పేరొచ్చింది. కాల్చినవాళ్ళు కూడా తర్వాత్తర్వాత దయగలవాళ్ళుగానే సమాధులు కట్టించుకుని ఉంటారు.

నన్ను మళ్ళీ చదవమనలేదు. ఒక గుమాస్తా అబ్బాయిని పెట్టారు. అతను ఖలాస్ అనకముందే ఆగిపోయేవాడు. బావ లేచి తన ఇంట్లో సాతాను దూరిందని సాక్ష్యం చెబితే అందరూ స్తోత్రం చేశారు. చెయ్యి సంగతి ఒక్కరూ అడగలేదు. నేను అప్పటికే నర్సమ్మ గదికి మారిపోయాను. ఉద్యోగం మాత్రం నిలిచింది. పొరపాటు చేసిన పిల్లను క్షమించడం ఆయనకు గొప్పే కదా.

అక్క బొంబాయి విమానం ఎక్కిన రోజు పెద్దగారు కూడా కోటు వేసుకుని వచ్చారు. విమానాశ్రయం తలుపు దగ్గర అక్క తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, కొంచెం దూరంగా వెళ్ళి నిలబడ్డారు. అక్క నన్ను పక్కకు లాగింది. చేతికి కట్టు లేదు కాని వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు.

"నిన్నొకటి అడగాలి. ఆ రోజు నువ్వు..."

నేను నోరు తెరిచాను. అక్క ఆయన వైపు ఒకసారి చూసి, గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు చెల్లీ, నాకు చెప్పకు. పొరపాటున చదివిందని అందరితో నేనే చెప్పాను. కాదని తెలిస్తే, మళ్ళీ ఎవరైనా అడిగినప్పుడు నేను అబద్ధమాడాలి."