మా ఇంటిపేరు కింద ఆరో వరుస

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. ఇది చదివాక మీరైనా నమ్మండని అడగను. బళ్లో లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ణి. చిన్నతనంలో, దయ్యం పట్టిందన్న ఇంటికల్లా పనిగట్టుకొని పోయి చూసినవాణ్ణి. అత్త ఆరళ్లు, మొగుడి తాగుడు, చాలీచాలని తిండి తప్ప ఆ ఇళ్లలో నాకు ఇంకేమీ కనపడలేదు. అందుకే మా అమ్మ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎట్లా జరిగిందని అడిగితే జవాబు నా దగ్గర లేదు.

మాది మైదుకూరు. నాకు మూడేళ్లప్పుడు ఊళ్లో ప్లేగు వచ్చింది. మా అమ్మ రాఘవమ్మ ఆ ప్లేగులో పోయిందని చెప్పారు. ఆమె ముఖం నాకు గుర్తులేదు. ఏడాది తిరక్కుండా మా నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చనిపోయిన మొదటి భార్య పేరున కట్టుకునే బంగారు బిళ్ల మా పిన్నమ్మ మెడలో ఉండేది. నాకు ఒడుగైన ఏటి నుంచి ప్రతి మాఘ బహుళ సప్తమికీ అమ్మకు తద్దినం పెడుతూ వచ్చాను. ఎన్నడూ తప్పలేదు.

మొన్నటి యుద్ధం సాగుతున్న రోజుల్లో మా పెదనాయన కొడుకు గయకు ప్రయాణం కట్టాడు. అక్కడ పిండాలు వేయాలి గనక, మన వంశంలో పోయినవాళ్లందరి పేర్లూ తిథులూ రాసివ్వరా అని నాకు పురమాయించాడు. నేనప్పటికే కడపలో ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో అడిగితే తలా ఒక తిథి చెప్పారు. తాత చనిపోయింది ఉగాది ముందని ఒకరు, వెనకని ఒకరు. విసుగొచ్చి పత్రిక ఆఫీసుకు పోయాను.

కడపలో అప్పుడొక వారపత్రిక ఉండేది. పేరెందుకులెండి. జిల్లాలో నాలుగక్షరాలు వచ్చిన ఇళ్లవాళ్లు తమ ఇంట్లో చావు జరిగితే ఆ పత్రికకు రాసి పంపేవాళ్లు. తిథితో సహా అచ్చయ్యేది. మావాళ్లకు పుట్టినరోజు తెలియకపోయినా నష్టం లేదు గానీ చచ్చినరోజు తెలియకపోతే ఏటేటా ఇబ్బందే. కాయితం పోగొట్టుకొని ఆఫీసుకు వచ్చి అడిగేవాళ్లు ఎక్కువైపోయి, ప్రూఫులు దిద్దే గుర్రప్పగారు ఒక రిజిస్టరు తయారుచేశాడు. ఇంటిపేరుకు ఒక పుట. ఆ కింద వరుస నంబరు, మనిషి పేరు, ఊరు, తిథి, ఏ సంచికలో ఏ పుటలో పడిందీ. మగవాళ్లను పేరుతో రాసేవాడు. ఆడవాళ్లను ఫలానావారి భార్య అని రాసేవాడు. పత్రికలోనూ అట్లాగే పడేది.

నేను పోయేనాటికి గుర్రప్పగారికి చూపు పోయి పదిహేనేళ్లు దాటింది. రిజిస్టరు అప్పుడే ఆగిపోయింది. అయినా రోజూ పొద్దున వచ్చి ఆఫీసులో కూర్చునేవాడు. నేను పుటలు తిప్పి పైకి చదవడం, ఆయన పక్కనుంచి వివరం చెప్పడం.

మా ఇంటిపేరు కింద ఏడు వరుసలున్నాయి. తాత దొరికాడు. నాలుగో వరుసలో మా నాయన పేరు, దాని పక్కన భార్య, మైదుకూరు, మాఘ బహుళ సప్తమి. నేను ఏటా తద్దినం పెట్టే తిథే. ఏడో వరుసలో మా చిన్నాయన. ఆయన పోయినప్పుడు నాకు పదహారేళ్లు, బాగా గుర్తు. ఆ మధ్యలో ఆరో వరుస ఇట్లా ఉంది. "రాఘవమ్మ. వేంపల్లె. శ్రావణ శుద్ధ త్రయోదశి. కడపలో ఉపాధ్యాయుడు వెంకటసుబ్బయ్య తల్లి."

వెంకటసుబ్బయ్య అంటే నేను.

పక్కనున్న సంచిక నంబరు చూస్తే నాలుగో వరుసకు పదకొండేళ్ల తర్వాతిది. మా ఇంట్లో ఇంకో రాఘవమ్మ లేదు. మూడోసారి చదివి ఏళ్లు లెక్క కట్టుకున్నాను. ఆ సంచిక వచ్చిన ఏడు నాకు పద్నాలుగేళ్లు. నేను చదువుకుంటున్నాను. నేను ఉపాధ్యాయుణ్ణవుతానని అప్పుడు నాకే తెలియదు.

"ఇది ఎవరు రాసినారు గుర్రప్పగారూ?" అని అడిగాను.

"నా రిజిస్టరు ఇంకొకరు ముట్టుకుంటే చేయి విరిచేవాణ్ణి. నేను రాసిందే. ఏముండాది దాంట్లో?" అన్నాడు. చదివాను. ముసలాయన రిజిస్టరు తన వైపు లాక్కొని పుట మీద చేయి పెట్టాడు. తర్వాత, "ఆడమనిషిని పేరు పెట్టి నేను యాడ రాసినానప్పా? మొగుని పేరు లేకుండా ఒక్కటుండదు. సరిగ్గా చూడు," అన్నాడు.

సరిగ్గానే చూశాను. అదే దస్తూరి, అదే సిరా. తర్వాత ఇరికించింది కాదు. అయిదు తర్వాత ఆరు, ఆరు తర్వాత ఏడు, వరుసల మధ్య ఎడం కూడా సమానం.

ఆ సంచిక తీయించి చూశాను. చెప్పిన పుటలో చావు కబుర్లున్నాయి. ప్రొద్దుటూరు నుంచి ఒకటి, జమ్మలమడుగు నుంచి ఒకటి. రెంటికీ మధ్య నాలుగు పంక్తుల మేర ఖాళీ. పైన ఒక గీత, కింద ఒక గీత, నడుమ తెల్ల కాయితం. అక్షరాలు కూర్చేవాళ్లు అట్లా చోటు వదలరు. ఏమీ లేకపోతే ఒక పువ్వు బొమ్మయినా వేస్తారు.

నా బుర్రకు తోచింది ఒకటే. ఎవరో కబురు పంపి ఉంటారు. ప్రూఫు చూసి గుర్రప్పగారు రాసుకొని ఉంటాడు. చివరి నిమిషంలో దాన్ని తీసేసి ఉంటారు. ఆ మాటే ఆయనతో అన్నాను. ప్రూఫు చూసి ఏనాడూ రాయలేదనీ, ఏడాది సంచికలు కట్టి బైండు చేయించాక, అచ్చయిన కాయితం ముందు పెట్టుకొనే రాసేవాణ్ణనీ ఒట్టు పెట్టి చెప్పాడు. పోనీ ఆయన మరిచిపోయాడనుకుందాం. నేను ఉపాధ్యాయుణ్ణని పద్నాలుగేళ్లప్పుడే కబురు పంపినవాడెవడు?

ఆ ఆదివారం వేంపల్లెకు పోయాను. అక్కడ మా కులంవాళ్ల వీధిలో రాఘవమ్మ ఎవరో ఎవరికీ తెలియదు. నూనె అంగడిలో ఒక పెద్దాయన మాత్రం, "దీపాలకు వత్తులు చేసే ఆయమ్మా? ఎప్పుడో సచ్చిపాయ కదప్పా. దూదేకుల మస్తాన్‌బీని అడుగు," అని ఇల్లు చూపించాడు.

మస్తాన్‌బీకి యాభై ఏళ్లుంటాయి. వాకిట్లో పరుపు కుడుతోంది. నా పేరు, మా ఊరి పేరు చెప్పాను. సూది కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "రాఘవమ్మక్క కొడుకువా? ఇప్పుడొస్తివా నాయనా?" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అప్పటికింకా ఏమీ తెలియదు.

ఆమె చెప్పింది ఇది. ప్లేగు నాడు వాళ్లు మైదుకూరులో మా వెనక వీధిలో ఉండేవాళ్లు. ఎలుకలు రాలగానే ఊరంతా పొలాల్లో గుడిసెలు వేసుకొని పోయింది. మా అమ్మకు అప్పటికే గడ్డ లేచింది. మావాళ్లు ఆమె పక్కన ఒక కడవ నీళ్లు పెట్టి, వాకిలి దగ్గరగా వేసి, నన్ను ఎత్తుకొని పోయారు. నాలుగు రోజులకు ఎవరో అయిపోయిందన్నారు. మా నాయన వచ్చి చూసింది లేదు. అంటుకుంటుందని భయం. పత్రికకు మాత్రం ఆ పూటే రాసి పంపాడు.

ఆమె చావలేదు. మస్తాన్‌బీ అత్త మూలుగు విని లోపలికి పోయి, తన ఇంటికి తెచ్చుకొని, గంజి పోసి బతికించింది. పదో రోజున మా అమ్మ కర్ర ఊతంతో నడుచుకుంటూ మా గుడిసెల దగ్గరికి పోయింది. తోడు పోయిన మస్తాన్‌బీ అప్పుడు కొత్త పెళ్లికూతురు. అక్కడ మా అమ్మకే పిండం పెడుతున్నారు. పత్రిక ఆ ముందురోజే వచ్చింది, ఊరంతా చదివింది. మా జేజి, అంటే మా నాయన తల్లి, దూరంగా నిలబడి రెండే మాటలు అడిగింది. ఎవరింట్లో తిన్నావు? ఎన్నాళ్లు తిన్నావు? దూదేకులవాళ్ల ఇంట్లో గంజి తాగినదాన్ని లోపలికి ఎట్లా రానిస్తారు? కర్మ జరిగిపోయిందన్నారు, పొమ్మన్నారు. నన్ను ఒక్కసారి చూపించమని అడిగితే, పిల్లవాడు జడుసుకుంటాడన్నారు.

ప్లేగు తగ్గాక మస్తాన్‌బీవాళ్లు వేంపల్లెకు మారారు. వెంట మా అమ్మను తెచ్చుకున్నారు. దూది ఏకగా మిగిలిన మెత్తటి ముక్కలతో ఆమె వత్తులు చేసేది. వారానికోసారి తపాలాఫీసు అరుగు మీదికి పోయి, అక్కడికొచ్చే పత్రికలో చావు కబుర్లు మాత్రం చదివి వచ్చేది. ఎవరి కోసం చూస్తావక్కా అని మస్తాన్‌బీ ఒకసారి అడిగిందట. ఆయన పేరు కోసం అందట.

"సావాలని కాదు మస్తానూ. ఆయన పోతే మా అబ్బోన్ని చూసేకి పోతా. అప్పుడు నన్ను అడ్డుకునేవాళ్లు ఎవరుండారు?" అందట.

పదకొండేళ్లు అట్లా చూసింది. మా నాయన పేరు పడలేదు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఇప్పటికీ ఉన్నాడు.

ఏటా ఒక రోజు మాత్రం ఆమె పొయ్యి ముట్టించేది కాదని చెప్పింది మస్తాన్‌బీ. మాఘమాసంలో. ఎందుకని అడిగితే, "ఈ పూట నాకు మా అబ్బోడు పెడతాండాడు," అనేదట. పొద్దుగూకే దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా అరుగు మీద కూర్చునేది. నేను మైదుకూరులో దర్భలు పట్టుకొని ఆమె పేరు చెప్పి పిండం పెట్టి, తర్వాత అయిదు రకాల కూరలతో భోజనం చేసేవాణ్ణి. ఇది విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ. నా మీద కూడా. చదువుకునే రోజుల్లో ఒక్కనాడన్నా ఊరివాళ్లలో ఎవరినన్నా గట్టిగా నిలదీసి ఉంటే, వేంపల్లె ఎంత దూరం?

ఆమె ఎప్పుడు పోయిందని అడిగాను. తిథి మస్తాన్‌బీకి తెలియదు. పీర్ల పండగ అయిన మూడోనాడని మాత్రం చెప్పింది. ఆ ఊళ్లోని మా కులంవాళ్లను పిలిస్తే నిప్పు పెట్టడానికి ఒక్కడూ రాలేదట. మస్తాన్‌బీ మొగుడూ మరుదులూ మోసుకుపోయి పాపాఘ్ని ఒడ్డున పూడ్చారు. పత్రికకు ఎవరైనా రాశారా అంటే, మాకు రాత యాడిది నాయనా అంది. తపాలాఫీసులో అరుగు మీద చదవనిచ్చిన పెద్దమనిషి అంతకు ఏడాది ముందే బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినవాడికి ఆమె ఎవరో తెలియదు. నేను ఉపాధ్యాయుణ్ణని మస్తాన్‌బీకి తెలిసింది నేను చెప్పాకే.

కడపకు వచ్చి పాత పంచాంగం తీశాను. పీర్ల పండగ కూడా చంద్రుణ్ణి పట్టే వస్తుంది గనక లెక్క సులువు. ఆ ఏడు పీర్ల పండగ శ్రావణ శుద్ధ ఏకాదశి నాడు. మూడోనాడు త్రయోదశి.

మైదుకూరుకు పోయి మా నాయనను అడిగాను. కుర్చీలో కూర్చొని పత్రిక చదువుతున్నాడు. మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. అబద్ధం మాత్రం ఆడలేదు.

"పొమ్మనింది మీ జేజి, నేను కాదు," అన్నాడు. ఒళ్లోని పత్రిక సర్దుకుంటూ, "అచ్చులో పడిపాయ. పిండాలు పెడతాంటిమి. ఊరు ఊరంతా చూస్తాండాది. అప్పుడు మనిషొచ్చి నిలబడితే నేనేం చేసేదిరా?" అన్నాడు.

ఆమె వేంపల్లెలో ఉందని నీకు తెలుసా, పత్రికలో కబురు తీయించింది నువ్వేనా అని అడిగాను. ఆమె ఏ ఊరికి పోయిందో కనుక్కోలేదన్నాడు. అది నిజమే అనుకుంటాను. కనుక్కునేపాటి మనిషైతే ముందే కనుక్కునేవాడు. తర్వాత మళ్లీ పత్రిక విప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో నేను భోజనం చేయలేదు.

ఆ మరుసటి ఏడు గుర్రప్పగారు పోయాడు. పోయేముందు ఒకసారి కబురు పెట్టి పిలిపించి, ఆ వరుస మళ్లీ చదివించుకున్నాడు. "నా చేయే రాసింది. నేను రాయలేదు," అన్నాడు. ఆయన కూడా నాలాగే దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషి. అంతకు మించి మేమిద్దరం ఏమీ తేల్చలేకపోయాం. ఈనాటికీ నాకు తేలలేదు.

మాఘంలో తద్దినం మానేశాను. శ్రావణ శుద్ధ త్రయోదశికి మొదలుపెట్టాను. మొదటిసారి పురోహితుడు ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు పెట్టిన తిథి ఎట్లా మారుతుంది, కొత్త తిథి ఎవరు చెప్పినారప్పా అని పట్టుబట్టాడు. మస్తాన్‌బీ పేరు చెబితే లేచిపోతాడు. గుర్రప్పగారి మాట చెబితే నవ్విపోతాడు.

పత్రికలో పడింది స్వామీ అన్నాను. ఆ ముక్క చెప్పవద్దా ముందే అని ఆయన దర్భలు అందుకున్నాడు. పత్రికలో పడిందంటే మావాళ్లకు ఇంకే రుజువూ అక్కర్లేదు.