మూగమ్మ మైకు ముందుకొచ్చిన రోజు

యూనివర్సిటీలో గౌన్ల గది ఎక్కడని అడిగితే కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు గానీ, గౌన్లక్క ఎక్కడుంటుందంటే ఎవరైనా చెప్తారు. పరీక్షల భవనం వెనకాల మెట్లు దిగితే వచ్చే నేలమాళిగలో ఉంటుంది. పట్టా పుచ్చుకునే రోజున పిల్లలు తొడుక్కునే నల్ల గౌన్లన్నీ ఆవిడ చేతిమీదుగా పోవాల్సిందే. అంచులు విప్పి పొడుగు చేసేది ఆవిడే, చెమట మరకలు వదలగొట్టేది ఆవిడే, ఆవిరి ఇస్త్రీపెట్టెతో ముడతలు తీసేదీ ఆవిడే. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం ఆ ఊళ్ళోనే ఏడు తరాలుగా ఉన్నదానిలా మాట్లాడుతుంది. యాస అన్నది మచ్చుకైనా వినబడదు. అది ఊరికే రాలేదు.

ఆవిడ పుట్టింది సరిహద్దు అవతల. అక్కడ బతకనివ్వకపోతే తల్లీకూతుళ్ళు ఒక్క మూటతో ఇవతలికి వచ్చిపడ్డారు. అప్పటికింకా పాలపళ్ళు ఊడుతున్న వయసు. ఇక్కడా వాళ్ళ జనమంటే ఎవరికీ గిట్టేది కాదు. ఒకరోజు కూరగాయల బజారులో పిల్ల తల్లిని తమ భాషలో ఏదో అడిగింది. వెనకనుంచి ఎవడో వచ్చి చెంప పగలగొట్టాడు. పిల్ల బోర్లా పడింది, పెదవి చిట్లింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఓసారి చూసి మళ్ళీ ఎవరి బేరంలో వాళ్ళు పడ్డారు.

ఇంటికొచ్చాక పిల్ల వెక్కుతూ, "నువ్వు మాట్లాడకమ్మా. నువ్వు మాట్లాడుతుంటే నాకూ అదే వచ్చేస్తోంది" అంది.

తల్లి తలూపింది. అంతే, ఆ తర్వాత నోరు విప్పలేదు. వేరే పేటకి మారి, అక్కడ అందరికీ మూగదని చెప్పుకున్నారు. పేట మొత్తానికీ ఆవిడ మూగమ్మ అయిపోయింది. మూగవాళ్ళకి చెవుడు కూడా ఉంటుందని లోకం అనుకుంటుంది కాబోలు, ఆవిడతో ప్రతివాళ్ళూ గొంతు చించుకునేవాళ్ళు. కూతురికి పెళ్ళయింది. అల్లుడు మంచివాడే పాపం, బతికున్నన్నాళ్ళూ అత్తగారిని సైగలతోనే మంచినీళ్ళడిగి, నిజం తెలియకుండానే పోయాడు. కట్టుకున్నవాడికే చెప్పనిది కన్నబిడ్డకి మాత్రం ఏం చెప్తుంది! మొదట భయంకొద్దీ దాచింది, తర్వాత సిగ్గుకొద్దీ, ఆ తర్వాత అలవాటుకొద్దీ. తప్పు పట్టేవాళ్ళు ముందు ఆ చెంపదెబ్బ తినొచ్చి మాట్లాడితే బాగుంటుంది.

కాలం మారిందంటారు. మారింది కూడా. పట్టాల పండుగకి ముందురోజు యూనివర్సిటీవాళ్ళు ఇంకో వేడుక మొదలుపెట్టారు. ఏ జనం పిల్లలు ఆ జనం కండువా వేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు వేదికెక్కి, ఆ కండువా మెడలో వేసి, తమ భాషలో ఒక దీవెన పలకాలి. గౌన్లక్క కూతురు అక్కడే చదువు ముగించిన ఏడే, ఇస్త్రీకొచ్చిన కండువాల్లో రంపపు పళ్ళలాంటి ఎర్రంచు నల్ల కండువాలు కనిపించాయి. సరిహద్దు దాటినప్పటి మూటగుడ్డకి అదే అంచు. ఎవరి కంటా పడకూడదని ఆ గుడ్డని పొయ్యిలో పెట్టారు. ఇప్పుడు దాన్నే మెడలో వేసి చప్పట్లు కొడతారట. గౌన్లక్కకి ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండిందో ఆవిడకే తెలియలేదు.

వాటిలో ఒకదానికి కుట్టూడిపోతే సరిచేద్దామని ఇంటికి తెచ్చుకుంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే మూగమ్మ వచ్చి, ఒళ్ళోంచి ఆ కండువా లాక్కుని ముఖానికి అదుముకుంది. ఎంత బతిమాలినా వదలదు. మనవరాలు గుమ్మంలోంచి చూసింది.

"అమ్మమ్మకేమైందమ్మా?"

ఇంక దాచి లాభం లేదనిపించింది. గౌన్లక్క మొత్తం చెప్పేసింది.

"అయితే అమ్మమ్మ మూగది కాదా?"

"కాదు."

"పుట్టినప్పట్నుంచీ ఒక్కసారైనా నన్ను పేరు పెట్టి పిలవలేదమ్మా. పిలవగలిగుండీ పిలవలేదు. నీవల్ల!"

 కూతురు కొన్నాళ్ళు ముఖం చూపించలేదు. చివరికి తనే వచ్చి, "కండువా అమ్మమ్మే వెయ్యాలి. ఒక్క మాటైనా అనాలి. అది వింటే గానీ నిన్ను క్షమించలేను" అంది.

గౌన్లక్క తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఇప్పుడెవరూ ఏమీ అనరమ్మా. పిల్ల అడుగుతోంది. మాట్లాడవూ?"

 అసలు అమ్మ గొంతులో మాట మిగిలుందో లేదోనని గౌన్లక్క దిగులుపడింది.

ఆ రోజు హాలు కిటకిటలాడుతోంది. వాళ్ళ జనానికే చెందిన తోటి విద్యార్థిని ఒకతె తన దీవెన అందుకుని, వేదికమీదే మైకు పట్టుకుని నిలబడింది. గౌన్లక్క తల్లిని రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. మనవరాలు తల వంచింది. మూగమ్మ కండువా సగం వేసి, అలాగే పట్టుకుని ఆగిపోయింది. ఆ అమ్మాయి మైకు దగ్గరగా పెట్టింది.

 తర్వాత గొంతు వచ్చింది, బొంగురుగా, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు. ఒక్క వాక్యం. మళ్ళీ అదే వాక్యం, ఈసారి బతిమాలుతున్నట్టు. హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది.

మనవరాలు కళ్ళ నీళ్ళు కారుతుండగా తల్లివైపు తిరిగింది. "ఏమందమ్మా? చెప్పమ్మా, ఏమంది?"

గౌన్లక్క నోరు తెరిచింది. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. కన్నతల్లి మాట, తను పుట్టిన భాష, ఒక్క ముక్క! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "తెలియలేదు తల్లీ" అంది.

మనవరాలు మైకు పట్టుకున్న అమ్మాయిని చూసింది. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు లేదు.

"అది దీవెన కాదు" అంది నెమ్మదిగా. "'నేను మాట్లాడితే పిల్లని కొట్టరు కదా' అని అడుగుతున్నారు. రెండుసార్లూ అదే అడిగారు."

"నన్నా? నన్నెవరు కొడతారు?" అంది మనవరాలు.

మూగమ్మ చూస్తున్నది మనవరాలిని కాదు. గౌన్లక్కని. తను మాట్లాడొద్దంది కాబట్టే అమ్మ మాట్లాడలేదని, వద్దన్న మాట వెనక్కి తీసుకుంటే సరిపోతుందని ఇన్నేళ్ళూ అనుకుంది గౌన్లక్క. అమ్మ ఇంకా ఆ బజారులోనే నిలబడి ఉందని ఎప్పుడూ తోచలేదు.

"'ఎవరూ కొట్టరమ్మా' అని మన భాషలో ఎలా అనాలి?" అని అడిగింది ఆ అమ్మాయిని.

ఆ అమ్మాయి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. గౌన్లక్క తల్లి ముఖంలోకి చూస్తూ, తడబడుతూ, అప్పుడే మాటలు నేర్చిన పిల్లలా అంది. మైకు అక్కడే ఉంది. ఆ మాటలు హాలు నలుమూలలా వినబడ్డాయి.

మూగమ్మ ముఖం పాలిపోయింది. చేతిలోని కండువా జారవిడిచి, ఒక్క ఉదుటున కూతురి నోరు అరచేత్తో గట్టిగా మూసేసి, జనానికి అడ్డంగా నిలబడింది.