ఎర్విన్ నోస్కే హారన్

ఎర్విన్ నోస్కే పికప్ హారన్ పాడైందని మేమంతా ఏళ్ల తరబడి నమ్మాం.

చలికాలంలో శనివారం మధ్యాహ్నం, బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే మా ఫుట్‌బాల్ చూడ్డానికి, మా వైపు జనం బండ్లను మైదానం కంచెకు మూతి ఆనించి నిలుపుతారు. మనవాళ్లు గోల్ కొడితే హారన్ మోగిస్తారు. ఆ చలిలో అద్దం దించి చప్పట్లు కొట్టేదెవరు? కూనార్ మైదానంలో దక్షిణపు గోల్ స్తంభాల పక్క చోటు నోస్కేలది. తండ్రి తర్వాత ఎర్విన్‌ది.

కూనార్, టార్లీ రెండూ గోధుమ ఊళ్లే. తాతల నాటి నుంచి ఒకరి మోకాళ్లు ఒకరు విరగ్గొట్టుకున్న జట్లు. పొలాలు నలుగురి చేతుల్లోకి పోయి, కుర్రాళ్లు నగరాలకు పోయాక ఏ ఊరికీ జట్టుకు సరిపడా మనుషులు మిగల్లేదు. క్లబ్బులు కలిపేశారు. కలపడమంటే ఏమిటో చిన్న ఊరివాణ్ణి అడగాలి. పేరులో ముందు టార్లీ. జెర్సీ టార్లీ నీలం. కూనార్ ఎరుపు నలుపు చారలకు కాలర్ మీద ఒక పట్టీ దక్కింది, కూనార్ మైదానానికి ఏడాదికి మూడు ఆటలు. ఎర్విన్ హారన్ మూగబోయింది అప్పుడే.

పోయిన ఏడాది ఆ మూడు ఆటలూ తీసేద్దామన్నారు టార్లీ వాళ్లు. ఆట లేకపోతే గడ్డికి నీళ్లుండవు. ఒక్క వేసవికే మైదానం దుమ్మైపోతుంది. ఓటింగు నాటి ఆటకు ముందు, క్లబ్ అధ్యక్షుడు డెస్ మకాలిఫ్ పికప్ కిటికీలో తల పెట్టాడు. నేను పక్కనే బూట్లు కట్టుకుంటున్నాను.

"ఇవాళైనా మోగిస్తావా ముసలోడా? మీ ఊరోళ్లకే జట్టు పట్టకపోతే ఇక్కడ ఆటెందుకు?"

"హారన్ పాడైంది డెస్."

"కోత మిషన్ మొత్తం విప్పి బిగిస్తావు. ఒక్క తీగ కలపలేవా?"

ఎర్విన్ భార్య వాల్డా ఫ్లాస్కులోంచి టీ వంచుతూ అంది: "నా మోకాళ్లు కూడా బాగుచెయ్యమంటున్నా డెస్. దిక్కులేదు."

ఆ రోజు వచ్చిన జట్టుదీ నీలమే. అందుకని వాళ్లు వేరే జెర్సీలు తొడిగారు. ఎరుపు నలుపు చారలు.

ఆట చివర్లో వాళ్ల పొడుగు కుర్రాడు నన్ను తోసుకుని బంతి పట్టి, దక్షిణపు స్తంభాల మధ్యకు తన్నాడు. మేం వెనకబడ్డాం. అప్పుడు మోగింది హారన్, పొడుగ్గా. మైదానమంతా తిరిగి చూసింది. ఎర్విన్ తన చేతిని తానే చూసుకుంటున్నాడు.

"బాగానే ఉందిరోయ్ హారన్!"

"అవతలోళ్లకి మోగుతోంది!"

అందరూ నవ్వారు, వాల్డా తప్ప. "నాకూ అబద్ధమేనా? గొర్రెలు రోడ్డుకి అడ్డమొచ్చిన ప్రతిసారీ దిగి తోలింది నేను కదయ్యా!"

ఓడిపోయాం. ఆ సాయంత్రం క్లబ్ రేకుల షెడ్డులో ఓటుకి కూర్చున్నప్పుడు డెస్ లేచి, "ఇంక ఓటెందుకు? అందరూ విన్నారుగా" అన్నాడు.

ఎర్విన్ టోపీ తీయలేదు. "చారలు కనబడ్డాయి, చెయ్యి మోగించేసింది. నన్నడగలేదు. ఆ చారలే మనోళ్లకి తొడగండి, బ్యాటరీ అయిపోయేదాకా మోగిస్తా. మైదానం మాత్రం ఉంచండి."

ఓటేశారు. ఏడాదికొక ఆటకు చారలిచ్చారు. మైదానం తీసేసుకున్నారు. పెద్ద ఊళ్ల దయ ఇలాగే ఉంటుంది, చొక్కా ఇచ్చి ఒళ్లు పట్టుకుపోతుంది.

ఈ ఏడాది చారల ఆట టార్లీలో. ఎర్విన్ రాడనుకున్నాను. వచ్చాడు. అన్ని బండ్లూ మైదానం వైపు చూస్తుంటే ఆయన పికప్ ఒక్కటే కూనార్ రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఆయన వెనక వైపు చూపించే చిన్న అద్దంలో ఆట చూస్తున్నాడు. మేం తొలి గోల్ కొట్టగానే హారన్ మోగింది. డెస్ గెలిచినవాడిలా టోపీ ఊపాడు.

హారన్ ఆగలేదు. అంపైర్ మైదానం మధ్యలో బంతి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. డెస్ టోపీ దించి పికప్ వైపు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.

వాల్డా అద్దం దించి కేక వేసింది: "ముందే చెప్పాడుగా డెస్! బ్యాటరీ అయిపోయేదాకా!"