ప్రపంచ యుద్ధమా: అవును / కాదు

నా మొదటి ఉద్యోగం నాచారంలో, ఒక ప్రింటింగ్ ప్రెస్ పై అంతస్తులో. కింద మిషన్లు తిరుగుతుంటే మా బల్లల మీద టీ గ్లాసులు సన్నగా వణికేవి. బడిపిల్లలకు అభ్యాస పుస్తకాలు తయారుచేసే చిన్న సంస్థ అది. ప్రశ్నలను, పట్టికలను కంప్యూటర్‌లో క్రమంగా అమర్చడం నా పని. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. ప్రతి సమాచారానికీ ఒక గడి, ప్రతి గడికీ ఒక నియమం ఉండాలని నమ్మేవాణ్ణి.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం కోసం యుద్ధాల పట్టిక ఒకటి చేశాను. గడులు ఆరు: పేరు, మొదలైన ఏడాది, ముగిసిన ఏడాది, పక్షాలు, ప్రాంతాలు, ‘ప్రపంచ యుద్ధమా?’. ఆఖరి గడిలో అవును, కాదు తప్ప మరో మాట పడదు. ఖాళీ వదిలితే పేజీ ముందుకు కదలదు. ఆ ఏర్పాటుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

పేజీలు సరిచూసి సంతకం పెట్టేది ఒక రిటైర్డ్ టీచరమ్మ. పుట్టింది కాకినాడ వైపు, ఉప్పల్‌లో స్థిరపడి ముప్పై ఏళ్లు. రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కి సరిగ్గా పదింటికి వచ్చేవారు. పెన్సిల్ చెక్కుకుని, ఒక్కో వరుస కింద స్కేలు పెట్టి చదివేవారు. ఆ స్కేలు కింద నుంచి తప్పు జారిపోవడం నేను చూడలేదు.

ఒక శుక్రవారం యుద్ధాల పేజీ సంతకం లేకుండా నా దగ్గరికి తిరిగొచ్చింది. సప్తవర్ష సంగ్రామం (1756–63) వరుసలో నేను వేసిన ‘కాదు’ చుట్టూ పెన్సిల్ గీత, పక్కన ‘ఎందుకు కాదు?’

సాయంత్రం నాలుగింటికి పేజీలు కిందికి వెళ్లాలి. వెళ్లకపోతే బోడుప్పల్‌లో ఇంకో మాస్టారి చేత సంతకం పెట్టిస్తానని యజమాని ఫోన్‌లో చెప్పాడు. పదో తరగతి పుస్తకం కూడా ఆయనకే ఇస్తానన్నాడు. ఆ పుస్తకం టీచరమ్మ నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క పని. సంగతి ఆమెకు చెప్పాను. విన్నారు, స్కేలు తర్వాతి వరుస కిందికి జరిపారు.

కారణం కావాలన్నారు కదా అని నియమం రాయడానికి కూర్చున్నాను. ఎన్ని ఖండాల్లో జరిగింది, ఎన్ని పెద్ద రాజ్యాలు దిగాయి, కూటములు ఉన్నాయా, సముద్రాల మీదా పోరాడారా. నాలుగు ప్రశ్నలకూ మార్కులు పెట్టి నడిపిస్తే ప్రపంచ యుద్ధాలు ఐదు తేలాయి. సప్తవర్ష సంగ్రామం నిక్షేపంగా పాసైంది. అప్పుడు పాల్గొన్న దేశాల సంఖ్యను కూడా చేర్చి, పాస్ మార్కు పెంచుతూ పోయాను, సరిగ్గా రెండే మిగిలేదాకా. ఆ కాగితం పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టాను.

ఆమె రెండుసార్లు చదివారు.

“జవాబు చూసి లెక్క చేశావు, బాబూ.”

కోపంగా అనలేదు. ముప్పై ఏళ్లు ఎందరు పిల్లలతో ఈ మాట అని ఉంటారో. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. పరీక్షలో రెండనే అడుగుతారు కదా అన్నాను. రెండనే నేర్పుదాం, పిల్లల మార్కులు పోనివ్వనని ఆమె అన్నారు. తర్వాత పెన్సిల్ కింద పెట్టారు.

“మా చేబ్రోలు దగ్గర చందుర్తి అని ఊరుంది. అక్కడి పొలాల్లో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొట్టుకున్నారు. అదే యుద్ధం అటు కెనడాలోనూ నడిచింది. చందుర్తి రైతు చేను తొక్కిన ఆ యుద్ధానికి మనం ప్రపంచ యుద్ధమని పేరు పెట్టలేదు, అంతే. పేరు పడలేదని చెప్పు, ఒప్పుకుంటాను. కాదని మాత్రం సంతకం పెట్టను.”

పేజీలు పేర్చే అన్న మల్లాపూర్ మనిషి. అంతదాకా తల ఎత్తకుండా వింటున్నాడు. “మూడోది మన ఆఫీసులనే షురూ అయింది తమ్మీ. జల్ది ఏదో ఒకటి తేల్చు, కింద మిషన్ ఖాళీగున్నది” అన్నాడు.

టీచరమ్మ నవ్వారు, కానీ పెన్సిల్ తీసుకోలేదు. గోడ గడియారం మూడు దాటింది. ఆమె పోగొట్టుకోబోయేది ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. దాన్ని పక్కన పెట్టి, ఎప్పుడో చనిపోయిన రైతు తరఫున కూర్చున్నారు.

తప్పు వరుసలో లేదని, నా గడిలో ఉందని అప్పుడు అర్థమైంది. బరువో పొడవో అయితే కొలవొచ్చు. ఇది తర్వాతి వాళ్లు పెట్టిన పేరు. నియమం తీసేసి గడి పేరు మార్చాను: ‘ప్రపంచ యుద్ధమని పేరు పడిందా? ఎప్పుడు?’ ఆమె చెబుతుంటే నింపాను. మొదటిదానికి: జరుగుతున్నప్పుడు మహాయుద్ధమన్నారు, రెండోది వచ్చాకే ‘మొదటి’ అన్న మాట స్థిరపడింది. సప్తవర్ష సంగ్రామానికి: కొందరు చరిత్రకారులు అలా అంటారు, వాడుకలో లేదు. మాటలు గడిలో పట్టక వరుసలు పెరిగాయి. అన్న గొణుక్కుంటూనే కింద ఉన్న బొమ్మను చిన్నది చేసి చోటిచ్చాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు యజమాని వచ్చి పేజీ చూశాడు. పరీక్షకు జవాబు రెండేనా అని అడిగాడు. రెండేనని ఆమె చెప్పి, పేజీ కింద సంతకం పెట్టారు.

సోమవారం పదో తరగతి రాతప్రతి ఆమె బల్ల మీద ఉంది. ఆమె రాకముందే అందులోని పట్టికలన్నీ తెరిచి, ఏ గడినైనా ఖాళీగా వదిలే వీలు పెట్టాను.