చల్లారాకే కొలత

"వేడి మీద కొలిచింది ఒక కొలతా? పక్కన పెట్టు ఆ హెడ్డును."

"అవ్వా, ఎంత వేడి ఉండాదో కూడా సూసినా. అల్యూమినియం ఎంత ఉబ్బుతాదో లెక్కేసి తీసేసినా. ఇదో, కాయితం సూడు."

"కాయితం ఇంజన్ను తోల్తాదా? తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కొలువు. అందాకా ఈ షెడ్డులో హెడ్డు ఇంజను బ్లాకు ఎక్కదు."

"రేపు పది గంటలకు కుప్పంలో తనిఖీ మూసేస్తారు! ఇప్పుడు బిగిస్తేనే తెల్లారి పోయేకయ్యేది. నీ మొండితనానికి నా రేసు పోతాదే!"

"ఐదింటికి కొలిచి ఏడుకంతా బిగిస్తే పదికి పోలేమా? మీ తాత ఉంటే ఇంత తొందర పడనిచ్చునా?"

"తాతయితే ఈ కాయితం చదివుండేవాడు."

ఈ వేసవిలో మదనపల్లెలోని మా ఇంజన్ల షెడ్డులో నాకూ, నా మనవరాలికీ జరిగిన వాదన ఇది. ఆ చివరి మాట వినగానే, సన్నటి తేడాలు కొలిచే మైక్రోమీటరును నూనె గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా కొడుకు, అంటే ఆ పిల్ల తండ్రి, అక్కడే నిలబడి ఉన్నాడు. నేను చెప్పిన కొలతను కాదనడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

ఆ పందెం సంగతి చెప్పాలి. కుప్పం దగ్గర మట్టిదారిలో జరిగే ఆ పోటీలో అందరివీ ఒకే రకం పాత చిన్న కార్లు, ఎనిమిది వందల సీసీవి. పిస్టన్లు, క్యాంషాఫ్టు, కార్బురేటరు అన్నీ కంపెనీవే ఉండాలి, ఒక్కటీ మార్చకూడదు. ఇంజను పైన మూతలా కూర్చునే హెడ్డు ఉంది చూశారూ, దాని అడుగును మాత్రం కొంచెం చెక్కుకోవచ్చు. చెక్కిన కొద్దీ లోపలి గాలి బిగువై బలం పెరుగుతుంది. అయితే దాని ఎత్తుకు వాళ్ళు ఒక హద్దు పెట్టారు, వెంట్రుకవాసి తగ్గినా కారును వెనక్కి పంపేస్తారు. మనవరాలు ఆ హద్దుకు ఆనుకునేటట్టు చెక్కించింది. కంపెనీ పిస్టన్లనే బంగారం తూచే తక్కెడలో తూచి, ఒకే బరువున్న మూడింటిని ఏరుకుంది. నాలుగు నెలలు ఆ పిల్ల గోళ్ళలో నల్లటి గ్రీజు పోలేదు. తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం, చెక్కిన పొట్టు పోవడానికి హెడ్డును మరిగే సబ్బునీళ్ళలో కడిగి, ఆ వేడి మీదే కొలిచింది. నేను చూసింది ఆ వేడిని మాత్రమే.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. పెళ్ళయి వచ్చాక, మా ఆయన లేతు యంత్రం దగ్గర ఉంటే కొలిచే పని నాకు అప్పగించారు. అంకెలు వస్తే చాలు, ఇంగ్లీషు అక్కరలేదన్నారు. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన మెట్ట పొలాల బావుల మీద డీజిలింజన్లే ఎక్కువ, తెల్లవారేసరికి నాలుగు దిక్కులా ఆ టకటకలే వినిపించేవి. పుంగనూరు వైపు నుంచి ఒక రైతు ఇంజన్ను సిలిండరు లోపలి గోడ కోయించే బోరింగుకు తెచ్చి, తోట ఎండిపోతాందమ్మా అని తొందరపెట్టాడు. నేను జాలిపడి, కోతకు కాగి ఉన్న సిలిండరును చల్లారనివ్వకుండానే కొలిచి, పిస్టన్ సరిపోతుందని చెప్పాను. చల్లారాక అది లోపలికి ముడుచుకుంటుందని నాకు తెలిసీ చెప్పాను. మర్నాడు బావి మీద తిప్పిన గంటకే పిస్టన్ బిగుసుకుని ఇంజను పట్టేసింది. కొత్త సామాను వచ్చేసరికి పూత మీదున్న టమోటా తోట మొత్తం వాడిపోయింది. ఆ రైతు గీతలు పడిన పిస్టన్ను మా గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో వేడి ఇనుమును నేను కొలవలేదు, ఎవరినీ కొలవనివ్వలేదు.

మర్నాడు ఐదింటికి పెట్టె తాళం తీశాను. రాత్రంతా గచ్చు మీద ఉన్న హెడ్డు చేతికి చల్లగా తగిలింది. మొదట నేను కొలిచాను. కాగితం మీద మనవరాలు రాసిన అంకే వచ్చింది. నమ్మకం చాలక రెండోసారి కొలిచాను. నిజం చెప్పాలంటే, కొంచెం తేడా వస్తే బాగుండునని కూడా ఆశపడ్డాను. అదే అంకె. హద్దుకు లోబడే ఉంది. వేడిని లెక్కగట్టడం నాకు చేతకాక చల్లారేదాకా ఆగడం నేర్చుకున్నాను. ఆ పిల్ల వేడిని కూడా లెక్కలో కలుపుకోవడం నేర్చుకుంది. ఈ మార్పు మా షెడ్డులోకి ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

"సరిగ్గానే ఉండాది" అన్నాను. మనవరాలు స్పానరు అందుకుంది.

హెడ్డు బోల్టులను ఒక్కసారిగా బిగించకూడదు, వరుస తప్పకుండా మూడు విడతలుగా బిగించాలి. తండ్రీ కూతురూ కలిసి ఆ పని చేశారు. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అలాంటి నిండైన చప్పుడు మా షెడ్డులో నేను ఎన్నడూ వినలేదు. కారును టెంపో మీదికి ఎక్కించి బయలుదేరాం. ఊరు దాటకముందే మార్కెట్టుకు వచ్చే టమోటా బండ్లు దారి కట్టేశాయి. పుంగనూరు చేరేసరికే తొమ్మిది కావస్తోంది. నా కొడుకు టెంపోను ఎంత తోలినా, కుప్పంలో ఆ మైదానం దగ్గర దిగేటప్పటికి పదిన్నర.

తనిఖీ బల్ల దగ్గరున్న పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు. పుస్తకం మూసేశామమ్మా, ఒకరికి తెరిస్తే అందరికీ తెరవాలి అన్నాడు. ఆలస్యం నా వల్ల అయిందని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ పుస్తకం తెరవలేదు.

మనవరాలు కారును టెంపో మీద నుంచి దించనివ్వలేదు. పదకొండింటికి మిగతా కార్లు దుమ్ము లేపుకుంటూ కదిలాయి. ఆమె కంచె పట్టుకుని చివరి చుట్టు దాకా నిలబడి చూసింది. నేను టెంపోలోనే కూర్చున్నాను.