గల్లీ మొదట్లో కట్టిన చీర

మా గల్లీకి ఏడాదిలో ఒక్క సాయంత్రమే బండ్ల పీడ ఉండేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు మా అత్తమ్మ, మగ్గం మీద మచ్చ పడి అమ్ముడుపోని ఒక ఎర్రచీరను గల్లీ మొదట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా కట్టేది. గుడ్డ తానులు మోసుకొచ్చే టెంపోలు, ఆటోలు అక్కడే ఆగి, గొణుక్కుంటూ తిరిగిపోయేవి. సూరత్‌లో మగ్గాల మీద బతికే మా తెలంగాణ ఆడవాళ్లకు ఆ కాసేపే రోడ్డు దక్కేది. దాని కోసం నేను టెంపో వాళ్లతో గొంతు చించుకుని పోట్లాడేదాన్ని.

కరోనా వచ్చిన ఏడు, బతుకమ్మ ముందర మా గల్లీలో కొన్ని ఇళ్లలో జ్వరాలు తగిలాయి. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి వెదురు బొంగులు అడ్డంగా కట్టి గల్లీ మూసేశారు. మాదే మొదటి ఇల్లు, తలుపు తీస్తే ఎదురుగా బొంగులే. ఏళ్లకేళ్లు కొట్లాడినా దొరకని ఖాళీ రోడ్డు ఇంటి ముందు ఊరికే పడి ఉంది. దాని మీద కాలు పెడితే హోంగార్డు కర్ర చూపించేవాడు. ఒక్క గదిలో నలుగురం, ఒకరి మీద ఒకరం అరుచుకోవడం తప్ప పని లేదు. ఆ రోడ్డును చూస్తే నాకు ఒళ్లు మండేది.

నా బాధ వేరే ఉంది. తాపీ నది అవతల అమ్రోలిలో మా తమ్ముడి దగ్గరుండే అమ్మ, ఎండాకాలంలో అదే జ్వరంతో ఆస్పత్రిలో పడి బతికి బయటపడింది. అప్పటి నుంచి ఆమెను కళ్లారా చూడలేదు. ఆమెది బటన్ల ఫోను, మొహం కనబడదు. ప్రతి ఏడూ సద్దుల నాడు వచ్చి, ఆట అయ్యాక తన గౌరమ్మ పసుపు నా పుస్తెలకు పెట్టిపోయేది.

"ఈ యేడు సుత వస్త బిడ్డా. బొంగుల అవతల నిలబడ్త. నువ్వు జర చూడు" అని ఫోన్‌లో చెప్పింది.

గడప దాటకుండా, ఎవరి వాకిట్లో వాళ్లు ఆడుకోండి అన్నాడు హోంగార్డు. ఊరి నుంచి బస్సుల్లేక తంగేడు రాలేదు, బంతిపూలతోనే పేర్చుకున్నాం. అంతలో అత్తమ్మ ఎర్రచీర తెచ్చి, పై బొంగు నుంచి మోకాళ్ల ఎత్తు దాకా వేలాడేలా కట్టేసింది.

"మాసీ, గాడీ కహాఁ హై?" అని, బండ్లెక్కడున్నాయన్నట్టు హోంగార్డు నవ్వాడు.

"బండ్లు రావద్దనే కడుతున్న" అంది అత్తమ్మ. అప్పటికి గానీ తను చేస్తున్నదేమిటో ఆమెకు తట్టలేదు. అందరం నవ్వాం. కట్టిన చీర విప్పబుద్ధి కాక అలాగే వదిలేశాం.

గల్లీకి రెండు పక్కలా గడపల మీద నిలబడి చప్పట్లు కొట్టాం. మధ్యలో రోడ్డు బోసిగా ఉంది. నా కళ్లు చీర పైఅంచు మీదే ఉన్నాయి, అమ్మ తల కనబడుతుందేమోనని. పొద్దు గూకింది. పూలను నీళ్ల డ్రమ్ములో వేశాం. అమ్మ రాలేదని నాకు కోపం నషాళానికంటింది.

అత్తమ్మ చీర విప్పుతూ నన్ను పిలిచింది. కింది బొంగు మీద పసుపు ముద్ద అంటించి ఉంది, ఇంకా తడిగానే. వెంటనే ఫోన్ చేశాను.

"వచ్చినవా అమ్మా? పిలువకపోతివేందే?"

"పిలిచిన బిడ్డా. గా చప్పట్లల్ల నా గొంతు ఏడ ఇనబడ్తది? జొరమొచ్చిన కాడికెల్లి లేస్తలేదు. చీర గుంజబోతే పోలీసాయన ముట్టొద్దన్నడు. జర సేపు నిలబడి, పసుపు పెట్టొచ్చిన."

"నేను నిన్ను చూడకనే పోతిని కదనే!"

"నేను చూసిన గదా. చీర కిందికెల్లి ఒంగి చూసిన. నీ కాళ్లు నేను గుర్తువట్టనా?"

మా అమ్మ పొట్టిది. ఆమె తల ఆ చీర దాటి పైకి రాదని నాకు తట్టనే లేదు. జ్వరానికి అరిగిపోయిన నడుముతో ఆమె రోడ్డు మీద వంగి నా కాళ్లు చూస్తున్నంతసేపూ నేను పైకే చూస్తున్నాను. బొంగు మీది పసుపు వేలితో తీసి పుస్తెలకు పెట్టుకుని, గడప మీదే కూలబడి ఏడ్చాను. హోంగార్డు అటు తిరిగి నిలబడ్డాడు.