ఉట్టెక్కిన పడవ

పడవను ముంచినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను ముంచలేదు. గాలిలో వేలాడదీశాను. అదీ ఒక ఊరు ఊరంతా కుర్చీలు వేసుకుని చూస్తుండగా.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. నాందేడ్‌లో మాది మూడు తరాల బట్టల దుకాణం. మా ఆవిడ అన్న, అంటే మా బావ, పదేళ్ళు కలలుగని కొంకణ తీరంలో ఒక చిన్న తెరచాప పడవ కొన్నాడు. కన్నబిడ్డకైనా అంత నూనె రాసి ఉండడు.

ఆ పడవలో మూడు రోజులు తీరం వెంబడి తిరిగి, నాలుగో రోజు పొద్దున ఒక దీవి చేరాము. అన్ని రంగుల ఇళ్ళు ఇంద్రుడి కొలువులోనూ ఉండవు. రాణీ రంగు గోడ, రామా గ్రీన్ తలుపు, నెమలికంఠం కిటికీ. మా దుకాణంలోని చీరల అరను ఎవరో ఊరి మీద దులిపినట్టుంది.

బావ తెరచాప దించుతూ నాకు ఒకే ఒక్క పని చెప్పాడు. "జెట్టీకి తాడు కట్టు బావా. జర ఢీలా ఇడువు, బిగించకు. నీళ్ళు దిగుతయ్."

లోపల నవ్వుకున్నాను. మా గోదావరిలో వరద దిగాలంటే దసరా దాటాలి. ఇక్కడ అన్నం తినొచ్చేలోపే దిగుతుందట. పైగా బట్టల బేళ్ళు కట్టడంలో నేను మా నాన్న శిష్యుణ్ణి. లారీ బోల్తా పడ్డా మా బేలు విడిపోదు. రేవుగట్టు గుంజలకు ముందొక తాడు, వెనకొక తాడు వేసి, కాలు అడ్డం పెట్టి లాగి, పడవను అచ్చం బేలులాగే బిగించేశాను.

ఊళ్ళో ఒక అవ్వ మాకు భోజనం పెట్టింది. పాపం, తన గోడ రంగు గులాబీ అంది. అది రాణీ రంగేనని నేను గంటసేపు మరాఠీలో నిరూపించాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి సముద్రం లేదు. కింద బురద, రాళ్ళు. పైన, ఉట్టి మీద పెరుగుకుండలా, బావ పడవ. తాళ్ళు కిర్రుమంటున్నాయి.

"ఏంది బావా ఇది?" అన్నాడు బావ. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీళ్ళు దిగినయ్."

"నీళ్ళు దిగినయ్ సరే. పడవెందుకు దిగలే?"

పండ్లు కోసే చాకు తీశాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "కోస్తే రాళ్ళ మీద పడి రెండు చెక్కలైతది. తాడు తెగినా గంతే. నీ ముడి ఆగాలెనని మొక్కుకో."

మొక్కాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ, తెలియని ఇద్దరు ముగ్గురికీ. ఈలోగా ఊరు కుర్చీలతో సహా దిగింది. అవ్వ నా పక్కన కూర్చుని, బావ ముఖాన్ని తేరిపార చూసి, ఆ రంగును మా దుకాణంలో ఏమంటారని అడిగింది.

సాయంత్రానికి పోటుతో సముద్రం తిరిగొచ్చి పడవను మెల్లగా చేతుల్లోకి తీసుకుంది. ఒక్క గీత పడలేదు. ముడి మాత్రం విడిపోనంది, చివరికి చాకుతోనే కోశాము. బావ ఆ ముడిని నా చేతిలో పెట్టి, "బేలు మంచిగ కట్టినవ్" అన్నాడు. పడవ ఊసు నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు.

ఆ ముడి ఇప్పటికీ మా గల్లాపెట్టె మీద వేలాడుతోంది. దాని సాక్షిగా, మీటరు కర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో సముద్రం దగ్గర దేన్నీ బిగించి కట్టను. పంచెకు మాత్రం మినహాయింపు ఇప్పించండి. నీళ్ళు ఎంత దిగినా అది దిగకూడదు.